ఈకల నెలలో ఎత్తిన కుండ

ఆ ఏడు వానలు వెనకపట్టగానే కంకణపుర రాజ్యంలో పొగ పైకి లేవడం మానేసింది.

ముందుగా వంటిళ్ళలో ఆడవాళ్ళు గమనించారు. పొయ్యి రాజేస్తే పొగ చూరు వైపు పోకుండా నేల మీదికి జారి, గడప దాటి, దెబ్బతిన్న కుక్కలా వీధి వెంట పాకింది. తెల్లవారాక కొంగలు ఎగరలేక పొలంగట్ల మీద బారులు తీరి నడుస్తుంటే రైతులు నోళ్ళు తెరిచి చూశారు. పిల్లలు గెంతబోతే కాళ్ళు నేలను వదల్లేదు. అలవాటైన నడక మాత్రం సాగుతోంది. అంతకు మించి ఏదీ పైకి లేవడం లేదు.

అసలు కష్టం పొలాల్లో వచ్చింది. నీళ్ళు తీసిన మళ్ళలో మినుములు చల్లారు. గింజ పగిలింది గాని మొలక బయటికి రాలేదు. తవ్వి చూస్తే మొలకలన్నీ మట్టి కిందే తెల్లగా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"ఇవాళ మొలక లేవలేదు. రేపు నీటి ఆవిరి లేవకపోతే మబ్బెక్కడిది, వానెక్కడిది?" అని ముసలి రైతులు తలలు పట్టుకున్నారు.

రాజు మణికేతుడికి ఇంట్లో ఇంకో దిగులు. ఆయన కొడుకు గోడ పట్టుకుని నిలబడి, తొలి అడుగు వేసే ఈడుకు వచ్చాడు. అడుగులకు అరిసెలు పంచాలని రాణిగారు బెల్లం కూడా తెప్పించి పెట్టారు. ఆ పిల్లవాడి పాదం నేలకు అతికినట్టు ఉండిపోయింది. వాడు ఏడుస్తాడు, రాణి ఏడుస్తుంది. పండితులు హోమం చేశారు. ఆ పొగ చక్కగా వచ్చి వాళ్ళ ఒళ్ళోనే కూర్చుంది. దగ్గు తెరలో మంత్రం సగంలోనే ఆగిపోయింది. చివరికి రాజు దండోరా వేయించాడు.

"ఈ పీడ వదిలించినవారు ఏది కోరితే అది ఇస్తాను!"

పీడ ఎవరివల్ల వచ్చిందో రాజ్యంలో ఎవరికీ తెలియదు. ఒక్కరికి తప్ప.

ఆ ఒక్కరి పేరు చెంగల్వ. రెల్లుసరం అనే పెద్ద సరస్సు ఒడ్డున తూటిపల్లె ఉంది. అక్కడి వేటగాళ్ళ పెద్ద కూర్మయ్యకు ఆమె ఒక్కతే కూతురు.

తూటిపల్లెవాళ్ళది కుండవేట. ముందు కొన్నాళ్ళపాటు ఉత్త కుండలను నీటి మీద వదిలేస్తారు. అవి తేలుతూ తిరుగుతుంటే బాతులు మొదట బెదురుతాయి, తరవాత అలవాటు పడతాయి. అప్పుడు వేటగాడు కళ్ళ దగ్గర కన్నాలు చేసిన కుండ నెత్తిన బోర్లించుకుని, మెడలోతు నీళ్ళలో మెల్లగా నడుస్తాడు. బాతు పక్కకు చేరి, కాళ్ళు పట్టి, చప్పుడు కాకుండా కిందికి లాగేస్తాడు. పక్కనున్న బాతుకు కూడా తెలియదు.

ఆ సరస్సు నిండా ఈల బాతులే. ఇటుక రంగు ఒళ్ళు, నల్లని ముక్కు, ఎగిరినప్పుడల్లా సన్నటి ఈల. చెట్టు తొర్రలో గుడ్లు పెడతాయి. పొదగడం, పిల్లలను తిప్పడం, అన్నిట్లోనూ తల్లికి తండ్రి తోడుంటాడు. ఏడాదికొకసారి, పిల్లలను సాకే రోజుల్లోనే, వాటి రెక్కల ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా అవి ఎగరలేవు. రెల్లు దుబ్బుల్లో దాక్కుని బిక్కుబిక్కుమంటూ బతుకుతాయి. దాన్నే తూటిపల్లెలో ఈకల నెల అంటారు. నీటి మీద మొదటి ఈక కనబడిన రోజున ఊళ్ళో కుండలన్నీ ఒడ్డున బోర్లించి గడ్డితాడుతో కట్టేస్తారు. కరువు ఏట కూడా ఎవరూ ఆ తాడు విప్పలేదు. రెక్క ఉన్నదానితోనే వేట, లేనిదానితో కాదు. అదీ వాళ్ళ కట్టుబాటు.

ఈసారి ఈకల నెలలోనే రాజుగారి కొడుకు పుట్టినరోజు వచ్చింది. విందుకు అడవిబాతు కావాలని కోట వంటవాడు బండి కట్టుకుని వచ్చాడు.

కూర్మయ్య చేతులు కట్టుకున్నాడు. "తల తీసినా సరే బాబూ, ఈ నెల కుండ ఎత్తం. చేపలున్నాయి, పట్టుకెళ్ళండి."

వంటవాడు సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చెంగల్వ చెవిలో మాత్రం వేరే మాట గింగురుమంటోంది. ఆడపిల్లలకు కుండ పెట్టే ఆచారం ఆ ఊళ్ళో లేదు. తనకు నేర్పమని ఆమె అడిగినప్పుడల్లా బావ సోమన్న పగలబడి నవ్వేవాడు.

"నువ్వు కుండ కింద దూరితే బాతులు బెదరవే చెంగీ, కప్పలు పెళ్ళివారొచ్చారనుకుని బాజా మొదలెడతాయి!"

మర్నాడు వేకువనే ఆమె గడ్డితాడు విప్పింది.

రెల్లు పక్కన ఒక తల్లిబాతు దొరికింది. దాని వెనక దూదిపింజల్లాంటి పిల్లలు. కుండను చూసి ఆ తల్లి బెదరలేదు. ఒక రెక్క విరిగినట్టు నీటి మీద ఈడ్చుకుంటూ, మూలుగుతూ, పిల్లలకు దూరంగా జరగసాగింది. ఆ నాటకం తూటిపల్లెలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. "నన్ను పట్టుకో, నా వెంట రా, వాటి జోలికి పోకు" అని దానర్థం. అలాంటి తల్లిని ముట్టుకున్నవాడు ఆ ఊళ్ళో లేడు.

చెంగల్వకూ తెలుసు. తెలిసే చెయ్యి చాచింది. నీళ్ళలోంచి నాలుగు బుడగలు లేచాయి, అంతే.

కోట వంటింట్లో వంటవాడు మురిసిపోయాడు. "అబ్బో, ఎవరు పట్టారే దీన్ని?"

"నేనే!" అంది చెంగల్వ, తల ఎగరేసి.

ఆ పూటే రాజ్యంలో పొగ లేవడం ఆగిపోయింది. అప్పటినుంచీ ఆ "నేనే" ఆమె గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

దండోరా విన్న రోజు కూర్మయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చెంగల్వ చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఎవరో ఈకల నెల తప్పారమ్మా," అన్నాడాయన. "రెక్కల్లేని పిట్ట ఉసురు ఇది. సరస్సులో ఒక్క బాతు లేదు. ఎగరలేక కాలినడకన వెళ్ళిపోయాయి."

"ఆ తప్పు చేసినోళ్ళు దొరికితే ఏం చేస్తావు నాన్నా?"

"ఏం చేస్తాను? ఆళ్ళ చేతి మంచినీళ్ళు ముట్టను."

ఆమె ఇచ్చిన చెంబు ఎత్తి గటగటా తాగాడాయన. చెంగల్వ అక్కడ నిలబడలేకపోయింది. పిన్ని ఊరికి వెళ్ళొస్తానని చెప్పి, ఆనాడు తాడు విప్పిన కుండనే చంకన పెట్టుకుని, బురదలో బాతుల అడుగుల జాడ పట్టుకుని అడవిలోకి నడిచింది. పోయిన ప్రాణాన్ని ఎలాగూ తేలేదు. కనీసం ఆ పిల్లల తండ్రి కాళ్ళ మీద పడి శాపం తిప్పుకోమని అడగాలి. మొలకలు మట్టిలోనే కుళ్ళిపోయేలోగా ఆ పని జరగాలి.

అడవి మొదట్లోనే ఒక ముని అడ్డం వచ్చాడు. కాదు, ఆయన ఎక్కడికీ రాలేడు. ఒక బండ మీద రెండు కాళ్ళతో నిలబడి, కోపంతో గడ్డం పీక్కుంటున్నాడు.

"ఎవరమ్మా నువ్వు? నవ్వకు! నేను ఏకపాద మునిని. ఏళ్ళ తరబడి ఒంటికాలి మీద తపస్సు. మొన్న చీమ కుట్టి ఒక్క క్షణం కాలు దించాను. మళ్ళీ లేస్తే ఒట్టు!"

"అయ్యో స్వామీ!"

"అయ్యో కాదు. ఇది ఎవరి పాపమో తెలిస్తే చెప్పు, వాడిని తలకిందులుగా తపస్సు చేయిస్తాను. తెలుసా నీకు?"

"తెలీదు స్వామీ. ఎవరో... ఎవరో చేసి ఉంటారు."

ముని ఆమెను ఒకసారి ఎగాదిగా చూశాడు. "బాతులు అంజనమడుగుకు వెళ్ళాయి. దారిలో పెద్ద ఊబి ఉంది, దానిలో రాకాసి ఉన్నాడు. ఈ సొరబుర్రలో మంత్రజలం పోసి ఇస్తాను. ఊబి మీద చల్లితే గట్టి నేల అవుతుంది. ఒక్కటే నియమం, నా ఎదుట అబద్ధమాడినవాళ్ళ చేతిలో ఇది ఉత్త నీరు. నువ్వు ఆడలేదు కదా?"

"లేదు స్వామీ," అంది చెంగల్వ. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి.

ముని బుర్ర ఆమె చేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఊబి సాయంత్రపు వెలుగులో పాలమీగడలా నున్నగా కనిపించింది. చెంగల్వ మంత్రజలం చల్లింది. నీళ్ళు టపటపా పడ్డాయి, ఇంకిపోయాయి. ఏమీ కాలేదు. ఏమీ కాదని ఆమెకు ముందే తెలుసు. అయినా వెనక్కి ఎలా పోతుంది? బాతుల అడుగులు ఊబి అంచు దాకా వచ్చి, అవతలి గట్టున మళ్ళీ కనిపిస్తున్నాయి. ఊపిరి బిగబట్టి అడుగు వేసింది.

మోకాళ్ళ దాకా దిగిపోయింది. రెండో అడుగుకు నడుము దాకా.

"హహ్హహ్హా!" బురద ఉబ్బింది. అందులోంచి గేదె తలంత ముఖం, దాని మీద గుమ్మడికాయల్లాంటి కళ్ళు తేలాయి. "ఎన్నాళ్ళకు! మొన్న బాతుల గుంపు వచ్చింది. నోరూరింది గాని ఏం లాభం? అవి పొద్దస్తమానం తోక మొదట్లో నూనె ముక్కుతో తీసి ఒళ్ళంతా రాసుకుంటాయి. నీళ్ళే నిలవవు వాటి మీద, నా బురదేం నిలుస్తుంది? తేలిగ్గా జారిపోయాయి. నువ్వు మాత్రం భలే బరువున్నావు పిల్లా! నీ ఒంట్లో ఎముకలా, గుండ్రాళ్ళా?"

"నన్ను వదులు! నాకు పనుంది!"

"నేను పట్టుకోలేదే! నీ లోపలున్నదే నిన్ను లాగుతోంది. అది కక్కితే మునగవు. కక్కకపోతే నాకు ఇవాళ పండగ."

బురద గుండెల దాకా వచ్చింది. చెంగల్వ అరిచింది. "సరే! ఒక బాతును పట్టాను. ఈకల నెలలో పట్టాను. తెలీక పట్టాను!"

బురద భుజాల దాకా ఎగబాకింది. రాకాసి పెదాలు చప్పరించాడు. "అయ్యయ్యో, సగమే వచ్చింది. ఆ 'తెలీక' అన్నది ఉందే, అదే అన్నిటికంటే బరువు."

గడ్డం తడిసింది. బురద వాసన ముక్కులోకి వచ్చింది. నీళ్ళ కింద ఆ తల్లికి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. చెంగల్వకు ఆ ఆలోచన మొదటిసారి వచ్చింది. ఇన్నాళ్ళూ తన భయం గురించే ఆలోచించింది గాని, దాని భయం గురించి తలవనే లేదు.

"తెలిసే పట్టాను," అంది. ఏడుపు తన్నుకొచ్చింది. "రెక్క ఈడ్చింది. వెనక పిల్లలున్నాయని తెలుసు. అయినా లాగాను. సోమన్న బావ దగ్గర గొప్ప చెప్పుకోవాలని లాగాను."

మునగడం ఆగింది. ఆమె చేతిలో కుండ బోర్లా ఉండి ఊబి మీద తేలుతోంది. దాన్ని రెండు చేతులా వాటేసుకుని, కాళ్ళు తన్నుకుంటూ, అంగుళం అంగుళంగా అవతలి గట్టు చేరింది.

రాకాసి నిట్టూర్చాడు. "నిజాయతీ వల్ల నా కడుపు ఎండుతోంది. పో పిల్లా! కాస్త జాగ్రత్త. మడుగు దగ్గర బావురుపిల్లి తిరుగుతోంది. ఎగరలేని పిట్టలను తిని తిని ఏనుగు గున్నంత అయింది."

అంజనమడుగు నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఒక పక్క ఊబి, ఇంకో పక్క రెల్లు దుబ్బులు, నడుమ గట్టు మీద తొర్రలున్న పెద్ద నల్లమద్ది చెట్టు. తెల్లవారే వెలుగులో దాని మొదట్లో ఒక మగబాతు నిలబడి ఉంది. రెక్కలు మొండిగా ఉన్నాయి. దాని పొట్ట కింద పిల్లలు ఒదిగి ఉన్నాయి.

చెంగల్వ కుండ దించి సాగిలపడింది. నోరు తెరిచేలోగా మగబాతే మాట్లాడింది.

"నువ్వెవరో చెప్పనక్కర్లేదు. కుండ కన్నాల్లో ఆ కళ్ళు చూశాను."

"తప్పయిపోయింది. నన్ను క్షమించు."

"ఎందుకు? నీకు నిద్ర పట్టడానికా?" మగబాతు గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. "నా పిల్లలు పొద్దున్నే ఈల వేసి తల్లిని పిలుస్తాయి. ఆ పక్కనుంచి జవాబు రాదు. నేను క్షమిస్తే వస్తుందా?"

చెంగల్వ తల ఎత్తలేదు.

"శాపం నాది కాదు," అంది మగబాతు. "నేను తిప్పుకోలేను. నీళ్ళ కింద, చివరి ఊపిరితో ఆమె పెట్టింది. రెక్కల్లేనప్పుడు నన్ను పట్టారు గనుక, వీళ్ళ నేల మీద ఏదీ లేవకూడదు అని. ఆ బుడగలే మీ రాజ్యంలో చివరగా పైకి లేచినవి. ఆమె ఒక పని మొదలుపెట్టింది. సగంలో నువ్వు ఆపావు. ఆ పని పూర్తయ్యేదాకా శాపం ఉంటుంది."

"ఏం పని?"

మగబాతు చెప్పబోయి ఆగిపోయింది. రెల్లు కదిలింది.

"శుభోదయం నాయనా!" బావురుపిల్లి బయటికి వచ్చింది. బూడిద రంగు ఒళ్ళు, దాని మీద నల్లని చారలు, చేటలంత పాదాలు. "గెంతలేకపోతున్నాననే బెంగ తప్ప నాకు ఈ రోజుల్లో లోటేమీ లేదు. నడిచే బాతులు, నడిచే పిల్లి. నా అడుగు మీ అడుగు కంటే పెద్దది. దేవుడు వడ్డించిన విస్తరి!"

పిల్లలు కీచుమన్నాయి. నల్లమద్ది మొదట్లో ఉన్న తొర్ర దాకా వెళితే వాటికి భయం లేదు. ఆ సందులో పిల్లి పంజా పట్టదు. ఆ తొర్ర కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. కాని అవి బుడి బుడి అడుగులు. పిల్లికి అవి ఒక్క అంగలో అందుతాయి.

ఏ పని సగంలో ఆగిందో చెంగల్వకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కుండ నెత్తిన పెట్టుకుని ఒక్క ఉదుటున మడుగులోకి దిగింది. "అమ్మో! చచ్చాన్రో!" అని గావుకేక పెట్టింది. ఒక చెయ్యి విరిగినట్టు వేలాడేసి, నీళ్ళు చెల్లాచెదరు చేస్తూ, కుంటుతూ, మూలుగుతూ ఒడ్డు వెంట ఊబి వైపు జరిగింది. చిన్నప్పటినుంచి చూసిన నాటకం. అందులోని ప్రతి కదలికా ఆమె ఒంటికి తెలుసు.

పిల్లి తల తిప్పింది. "అయ్యో పాపా, చెయ్యి విరిగిందా? బాతుపిల్లలు పంటి కిందికి రావు. నువ్వైతే నాలుగు పూటలు వస్తావు!"

"దగ్గరికి రాకు! నేను పరిగెత్తలేను!" అని ఏడ్చింది చెంగల్వ. ఆ ఏడుపులో నాటకం సగమే.

పిల్లి వెంటపడింది. ఆమె కొంచెం దూరం అందనిచ్చి, కొంచెం జారిపోయి, మళ్ళీ తూలి, మళ్ళీ సాగింది. వెనక్కి చూడలేదు. చూస్తే పిల్లి కూడా వెనక్కి చూస్తుంది. మడుగు నీరు పలచబడి బురద మొదలైంది. నడుము లోతు ఊబిలో ఆగిపోయింది. ముందు ఊబి, వెనక పిల్లి. కుండ కన్నాల్లోంచి చూస్తే పిల్లి గట్టు చివరన తాపీగా కూర్చుని మీసాలు దువ్వుకుంటోంది.

"నేను గెంతలేను గనుక బతికిపోయావు. ఫరవాలేదు, నువ్వే అలిసిపోయి గట్టుకు వస్తావు."

అప్పుడే బురద మీద తడిసి అంటుకుపోయిన రెల్లుపూల నూగు ఒకటి వణికింది. నేలను విడిచింది. చెంగల్వ కళ్ళ ముందు నుంచి, నిదానంగా, పైకి లేచింది.

పిల్లలు తొర్ర చేరాయి! పని పూర్తయింది, శాపం పోయింది. అంటే రాజ్యంలో పొగ లేస్తుంది. మొలక లేస్తుంది.

పిల్లి కూడా లేస్తుంది.

పిల్లికి ఆ సంగతి తెలిసింది. దాని వెనక కాళ్ళు ఊగాయి. మీసాల కింద నవ్వు విచ్చుకుంది. ఒక్క గెంతు గెంతింది.

చెంగల్వ ఊపిరి బిగబట్టి బురదలోకి మునిగి, కుండను పైన అలాగే వదిలేసి, పక్కకు జారిపోయింది. ఏ తూటిపల్లె వేటగాడైనా చేసే పనే. కుండ ఒక చోట, తాను ఇంకో చోట. పిల్లి నాలుగు పంజాలూ కుండ మీద దిగాయి. కుండ ఫటీమని పగిలింది. పిల్లి తన బరువుతో తానే మెడ దాకా ఊబిలో కూరుకుపోయింది.

"ఓహోహో!" అని లోపలినుంచి రాకాసి గొంతు వినిపించింది. "చెప్పాపెట్టకుండా ఇంత విందా! నీ కడుపు చల్లగుండ పిల్లా!"

చెంగల్వ ఎలాగో గట్టెక్కి, బురద ముద్దలా నల్లమద్ది దగ్గరికి వచ్చింది. మగబాతు మొండి రెక్కల్లోంచి కొత్త ఈకల మొనలు పైకి పొడుచుకు వస్తున్నాయి. పిల్లలు తొర్రలోంచి తొంగి చూస్తున్నాయి.

"శాపం పోయింది," అంది మగబాతు. "నేను మరిచిపోయానని అనుకోకు."

"అనుకోను."

"ఇంకో మాట మిగిలి ఉంది. అది నాకు చెప్పేది కాదు. మీ ఊళ్ళో చెప్పాల్సింది. ఆ సరస్సుకు మళ్ళీ రావచ్చో లేదో ఆ మాట విన్నాక చూస్తాం."

చెంగల్వ తిరిగి వచ్చే దారిలో ముని ఒంటికాలి మీద కనిపించాడు. ఆమె ఆయన ముందు ఆగి, "మీతో అబద్ధమాడాను స్వామీ. ఆ పాపిని నేనే," అంది. ముని ఒక కన్ను తెరిచాడు. "సొరబుర్ర ఇచ్చినప్పుడే తెలుసు. నీకు తెలియాలని ఇచ్చాను. తలకిందుల తపస్సు వద్దులే, నువ్వు ఇప్పటికే చేసినట్టున్నావు," అని కన్ను మూసుకున్నాడు.

కంకణపురంలో పండగ నడుస్తోంది. పొలాలన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. పొగ నిటారుగా మబ్బుల దాకా పోతోంది. సభలో పండితులు తమ హోమమే ఫలించిందని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. జనంలో తండ్రి నిలబడి ఉన్నాడు, పక్కన సోమన్న బావ.

"పీడ వదిలించింది ఎవరు?" అని అడిగాడు రాజు.

"నేనే," అంది చెంగల్వ ముందుకు వచ్చి. సభ గొల్లుమంది. ఆమె నవ్వలేదు. "పీడ తెచ్చింది కూడా నేనే మారాజా."

జరిగిందంతా చెప్పింది. విరిగినట్టు ఈడ్చిన రెక్క గురించి చెప్పింది. తెలిసే లాగానని చెప్పింది. సోమన్న జనం వెనక్కి జరిగాడు. కూర్మయ్య తల నేలకు దిగిపోయింది.

రాజు సింహాసనం చేతిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. తరవాత లేచి నిలబడ్డాడు.

"తూటిపల్లెవాళ్ళు ఈ నెల వేటాడరని వంటవాడు వచ్చి నాతో చెప్పాడు. వెతికితే దొరకదా, ఎలాగైనా తెమ్మన్నది నేనే. ఆ కూర తిన్నదీ నేనే. ఈ పిల్ల ఒక్కతే 'నేనే' అంటుంటే నేను ఇక్కడ ఎలా కూర్చోను? మాట ఇచ్చాను. ఏం కావాలో కోరుకో అమ్మా."

"నాకేమీ వద్దు మారాజా. ఈకల నెలలో రెల్లుసరం మీదికి ఎవరూ రాకూడదు. మీరు కూడా."

"అయితే ఆ సరస్సుకు నేను రాజును కాను. నువ్వే ఏలిక. అక్కడ నీ మాటే శాసనం, నాకైనా, నా కొడుక్కైనా."

ఆ మాట కోసమే ఆగినట్టు, రాణి పక్కన గోడ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు గోడ వదిలేశాడు. పాదం లేచింది. తూలుతూ ఒక అడుగు వేసి, ఇంకోటి వేసి, చెంగల్వ బురద పావడా పట్టుకుని నిలబడ్డాడు. రాణి ఏడుస్తూ నవ్వుతూ అరిసెల పళ్ళెం తెప్పించింది. మొదటి అరిసె చెంగల్వ చేతిలో పెట్టారు. ఆమెకు అది మింగుడు పడలేదు. జనంలోంచి కూర్మయ్య వచ్చాడు. పక్కనున్న కూజాలోంచి చెంబులో నీళ్ళు వంచి కూతురి చేతికి ఇచ్చాడు. ఆమె సగం తాగి, భయం భయంగా చెంబు తిరిగి చాచింది. ఆయన ఒక్క క్షణం ఆ చెంబు వైపు చూశాడు. తరవాత అందుకుని, మిగిలిన సగం ఆమె చేతి నీళ్ళే తాగాడు.

మళ్ళీ ఏడాది రెల్లుసరం మీద ఈల వినిపించింది. బాతులు వచ్చాయి. ఈకల నెలలో మొదటి ఈక తేలిన రోజున కొత్త ఏలిక తన చేత్తోనే కుండలకు గడ్డితాడు కట్టి, కాపలాకు చిన్న దోనె మీద బయలుదేరింది.

రెల్లు మలుపులో ఒక తల్లిబాతు ఎదురైంది. దోనెను చూడగానే దాని ఒక రెక్క వాలిపోయింది. మూలుగుతూ, నీళ్ళు ఈడ్చుకుంటూ పక్కకు జరిగింది. దాని వెనక రెల్లులో దూదిపింజలు ఊపిరి బిగబట్టాయి. దూరంగా నీటి మీద అంజనమడుగు నాటి మగబాతు తల ఎత్తి చూస్తోంది.

చెంగల్వ రెల్లు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "అయ్యో, పాపం, రెక్క విరిగినట్టుందే!" అని పైకే అంటూ, దోనెను ఆ తల్లి వెంట తిప్పింది. అది ఎటు తీసుకుపోతే అటు, ఎంత దూరమంటే అంత దూరం, అవతలి ఒడ్డు దాకా బుద్ధిగా మోసపోయింది. ఆమె ఏలినంత కాలం ప్రతి ఈకల నెలలోనూ, ఎదురైన ప్రతి తల్లి చేతిలోనూ అలాగే మోసపోయింది. ఆ రాజ్యంలో పొగ మళ్ళీ ఎన్నడూ నేల మీద పాకలేదు.